ఆకాశమున అంగడి

చిరంజీవియగు మేనల్లునకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హామ్ రేడియో లైసెన్సు చేతికందిన రెండేండ్లకే ప్రాతఃకాలపు నెట్, అనగా హామ్‌లు ఒకే తరంగముమీద కూడి వంతులవారీగా మాటాడుకొను సభ, నడపు భారము నీ కప్పగించిరని విని సంతసించితిని. అయితే పరికరములమ్ము పెద్దాయన యొకరు ప్రతి ఆదివారమును తన సరకుల ధరలను నెట్‌లో చదువుచున్నారనియు, వయోవృద్ధులు గనుక వారించుటకు మొగమాటమగుచున్నదనియు నీవు వ్రాసిన మాట నన్ను ఆలోచనలో పడవైచినది.

ముందుగా శాసనము మాట. అంతర్జాతీయ రేడియో నిబంధనలు మన వ్యాసంగమును నిర్వచించుచు, అది స్వయంశిక్షణమునకును, పరస్పర సంభాషణమునకును, సాంకేతిక పరిశోధనమునకును ఏర్పడినదనియు, ధనాపేక్ష లేక కేవలము స్వకీయాసక్తితో చేయదగినదనియు చెప్పుచున్నవి. మన దేశపు నియమములును వ్యాపారసందేశములను ఒల్లవు. కాని నిబంధన చూపి నోరు మూయించుట సులభము. ఎందుకు వలదో మనసున కెక్కించుట కష్టము.

ఈ తప్పు నేనును చేసితిని. కోయాక్సియల్ కేబులు అమ్ము నొక పరిచితుని దుకాణమును, స్నేహము కొలది, మూడు నాలుగు ఉదయములు 7 మెగాహెర్ట్జ్ మీద పొగడితిని. నాకు చిల్లిగవ్వ ముట్టలేదు. కొన్నాళ్ళకు, మేడమీద వెదురుగడలు నాటి, ఇటు పది మీటర్లు అటు పది మీటర్లు రాగితీగ లాగి నా చేతులతో కట్టుకొన్న డైపోల్ యాంటెన్నా ఎంత చక్కగా పలుకుచున్నదో ఉత్సాహముతో వర్ణించి ముగింపగనే, బెజవాడనుండి ఒక కుఱ్ఱవాడు "తీగ ఏ కొట్టులో కొనమందురు, మాస్టారూ?" అని అడిగెను. అతడు అమాయకముగానే అడిగెనేమో! తరువాత వంతు వచ్చిన నలుగురును నవ్వి మఱీ మాటాడిరి. నిజము చెప్పినను బేరమని తోచు దుస్థితి ఆ ఉదయమున నాకు తెలిసినది.

వార్తాపత్రికలో ప్రకటన వచ్చిన పుట త్రిప్పవచ్చును. ఒకే తరంగముమీద ఒకరు మాటాడుచుండగా తక్కినవారికి వేచియుండుటకన్న గతి లేదు. అయనావరణము కరుణించు ఆ కొద్దిసేపును ధరల పట్టికకు ధారవోయుట అన్యాయము కాదా? 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిన భారతీ ప్రసాద్ గారి బృందము దూరదేశపు హామ్‌లతో సరదాగా పలుకరించుకొనుటకే వెళ్ళినది. 26వ తేదీన సునామీ విఱుచుకుపడగా, ఆ సరదా సెట్లే ద్వీపవాసుల క్షేమవార్తలను చేరవేసినవి. ఖాళీగా ఉంచిన దారి విలువ అట్టి దినమున తెలియును.

అట్లని చాదస్తమునకు పోకుము. ఎవడైన విద్యార్థి పాత సెట్టు కావలెనని యాచించినచో, నెట్ ముగిసిన పిమ్మట ఫోనులో మాటాడుకొనుడని ఒక్క మాట చాలును. పెద్దాయనకు హామ్‌ల సంతయగు హామ్‌ఫెస్టు ఉండనే ఉన్నది; అక్కడ బల్ల వేసికొని తృప్తిగా అమ్ముకొనవచ్చును.

అందఱును వినుచుండగా మాత్రము వారిని మందలింపకుము. శనివారము సాయంకాలమున వారి ఇంటికి పోయి, కాఫీ త్రాగి, నా కథయే చెప్పుము. ఆదివారమునాడు నేనును సెట్టు పెట్టుకొని వినుచుందును.

ఇట్లు,
నీ మామయ్య