మన వీధిలోనే ఒక ఇల్లు

చెల్లెళ్ళూ, వంటల ముచ్చట, పిల్లల పరీక్షల ముచ్చట వచ్చే నెలకు దాచుకుందాం. ఈసారి ఇంటి ముచ్చట చెప్పుకుందాం. మన ఇంటిది కాదు. పొద్దున్నే వచ్చి మన గిన్నెలు తోమి, మన పిల్లలకు జడలు వేసి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయే మనిషి ఇంటిది.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఉండేది ఫిల్మ్‌నగర్ బస్తీలో. గుట్ట మీది మెట్లు దిగి పావుగంటలో జూబ్లీహిల్స్‌లోని మా గేటు దగ్గరికి వచ్చేస్తుంది. పోయిన సంక్రాంతి తర్వాత ఒకరోజు టీ తాగుతూ, తన ఆడపడుచుకు లాటరీలో డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చిందని చెప్పింది. నాకు నిజంగా సంతోషమేసింది. ఆమె మాత్రం గ్లాసు చేతిలో పట్టుకుని నేల చూస్తూ కూర్చుంది.

"ఇల్లు మంచిగుందక్కా. రెండు రూములు, బాత్రూం, నల్లా అన్నీ ఉన్నయ్. గానీ ఔటర్ రింగ్ రోడ్డు అవతల. ఈడ ఐదిండ్లల్ల పని చేస్తుండె. ఇప్పుడు రెండు బస్సులు మారి రావాలె. మూడిండ్లు ఇడిసిపెట్టింది. ఇల్లొచ్చింది, బువ్వ పోయింది."

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తొమ్మిదేళ్ళుగా ఆమె మా ఇంటికి వస్తోంది. ఎక్కడుంటావు, కిరాయి ఎంత, ఇంటి కాగితం ఉందా అని ఒక్కసారీ అడగలేదు నేను. అడగడం మొదలుపెట్టాక తెలిసిన సంగతులే ఇవాళ మీతో చెబుతున్నాను.

గుట్టల మీద పుట్టిన కాలనీలు

ముందు మన సంగతి మనం చెప్పుకోవాలి. జూబ్లీహిల్స్ రాజులు కట్టిన ఊరేమీ కాదు. 1960ల్లో చల్లగళ్ళ నరసింహారావు గారి చొరవతో ఒక సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడి, ప్రభుత్వం నుంచి వచ్చిన రాళ్ళగుట్టల మీద వేసిన కాలనీ ఇది. తర్వాత మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాద్‌కు తరలివస్తుంటే, సినిమావాళ్ళకు కూడా అదే పద్ధతిలో సహకార సంఘం ద్వారా స్థలాలు ఇచ్చారు. అలా వచ్చింది ఫిల్మ్‌నగర్. పక్కనే 1976లో అక్కినేని వారి అన్నపూర్ణ స్టూడియో, ఆ తర్వాత రామానాయుడు స్టూడియో వెలిశాయి.

అంటే ఇవాళ గజం ధర వింటేనే గుండె ఝల్లుమనే ఈ కాలనీలు కూడా ఒకప్పుడు ప్రభుత్వం చేయి అందిస్తేనే నిలబడ్డాయి. ఆ బంగళాలు కట్టడానికి రాళ్ళు కొట్టినవాళ్ళు, మట్టి మోసినవాళ్ళు, స్టూడియోల్లో లైట్లు ఎత్తినవాళ్ళు ఆ గుట్టల వాలులోనే గుడిసెలు వేసుకున్నారు. అవే ఇప్పటి బస్తీలు. మనకు లేఅవుట్ వచ్చింది, వాళ్ళకు రాలేదు. తేడా అక్కడ మొదలైంది.

ఎన్నికల పటం చూసినా ఇదే కథ. జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలో ఎక్కువ భాగం బోరబండ, రహ్మత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ లాంటి పేటలే. బంగళాలున్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చాలావరకు ఖైరతాబాద్ కిందికి వస్తాయి. పేరు మనది, ఊరు వాళ్ళది.

ఇక్కడ పేదవాళ్ళకు మిగిలిన ఇల్లేమిటో చూశారా? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ గది. కార్ల మధ్య ఒక తలుపు, చాలాచోట్ల కిటికీ కూడా ఉండదు. పెద్దవాన వస్తే ముందు నీళ్ళు చేరేది ఆ గదిలోకే. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు అందులోనే. పిల్ల పదో తరగతికి చదివేది పార్కింగ్ లైటు కింద.

చట్టాలు ఉన్నాయి, గొలుసు తెగుతోంది

మన రాష్ట్రంలో ఇళ్ళ కోసం చట్టాలు, పథకాలు లేవా అంటే, చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటి విడిగా చూస్తే మంచివే.

2014 డిసెంబరు 30న 58, 59 నంబరు జీవోలు వచ్చాయి. ప్రభుత్వ స్థలంలో ఇల్లు వేసుకుని ఉంటున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేయడానికి వచ్చింది 58. అంతకు మించినవాళ్ళు డబ్బు కట్టి చేయించుకోవడానికి వచ్చింది 59. తర్వాత 2020లో భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం చేశారు. దాని ప్రకారం 75 గజాల లోపు స్థలంలో, పైన ఒక్క అంతస్తు దాకా కట్టుకునే ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేయించుకుంటే చాలు. పెద్ద భవనాలకు కూడా 21 రోజుల్లో తేల్చాలని గడువు పెట్టారు. చేయి తడపకుండా కాగితం కదలని రోజులు చూసిన మనకు ఇది చిన్న సంగతి కాదు. ఇక 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయలు, అదీ ఇంటి ఆడమనిషి పేరు మీద.

ఇప్పుడు ఈ మూడింటినీ ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒకే సందులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకు అన్వయించి చూడండి. పట్టా చేతిలో ఉన్న ఆమె రూపాయి కట్టి ఇంటిని నమోదు చేయించుకోవచ్చు, 5 లక్షలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పక్కింటామె అదే గుట్ట మీద పాతికేళ్ళుగా ఉంటోంది, కానీ పట్టా లేదు. ఆమెకు రెండో మెట్టూ లేదు, మూడో మెట్టూ లేదు. కిరాయికి ఉండే మూడో ఆమెనైతే ఈ గొలుసులో ఏ కొక్కెమూ అందుకోదు. నగరంలో పేదలకు కరువైంది స్థలం. సాయం మాత్రం స్థలం ఉన్నవాళ్ళకే అందుతోంది. ముడి అక్కడుందమ్మా.

స్థలం లేనివాళ్ళ కోసమే కదా డబుల్ బెడ్రూం ఇళ్ళు అంటారు. నిజమే, 560 చదరపు అడుగుల ఆ ఇల్లు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో ఉన్న బస్తీని తీసేసి, ఆ చోటే 396 ఇళ్ళు కట్టి, అక్కడివాళ్ళకే ఇచ్చారు. ఆ ఇల్లాళ్ళ పని మారలేదు, పిల్లల బడి మారలేదు, పాలవాడు కూడా మారలేదు. తర్వాత కావలసిన ఇళ్ళ సంఖ్య పెరిగింది, నగరం లోపల స్థలం దొరకలేదు. 2023 జూన్ 22న కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్ళు ప్రారంభించారు. అన్ని కుటుంబాలకు ఒక్కసారిగా పక్కా కప్పు దొరకడం గొప్ప సంగతే, కాదనను. కానీ ఫిల్మ్‌నగర్ నుంచి అది దాదాపు 20 కిలోమీటర్లు. పొద్దున ఏడింటికి ఒకరి వంటింట్లో ఉండాల్సిన మనిషికి ఆ 20 కిలోమీటర్లే మరో అద్దె.

సినిమావాళ్ళ ఇంటి కథ

మన సినీ కార్మికులు ఈ దారిలో ముందే నడిచారు. డాక్టరు చదువు చదివి నటుడైన ఎం. ప్రభాకర్‌రెడ్డి గారు గుర్తున్నారా? తెర మీద ఎన్నోసార్లు కఠినమైన పాత్రలు వేసిన ఆ మనిషే తెర వెనక కార్మికుల ఇళ్ళ కోసం తిరిగారు. 24 క్రాఫ్టులవాళ్ళకీ సొంత ఇల్లు ఉండాలని పట్టుబట్టారు. మణికొండ దగ్గర 67 ఎకరాలు వచ్చాయి. ఆయన 1997లో పోయారు. ఇవాళ అక్కడి చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. స్టూడియోలకు పది కిలోమీటర్ల లోపే ఉంది. మేకప్‌వాళ్ళు, కాస్ట్యూమ్స్‌వాళ్ళు, లైట్‌మెన్, డాన్సర్లు వేలమంది అక్కడ తల దాచుకున్నారు.

కానీ ఆ కాలనీ చుట్టూ ఐటీ సౌధాలు లేచి భూమి ధర ఆకాశానికి ఎక్కాక, సభ్యత్వాల మీద, కేటాయింపుల మీద ఫిర్యాదులు, విచారణలు ఏళ్ళ తరబడి వార్తల్లో నలిగాయి. తప్పెవరిదో తేల్చేది చట్టం. నేను చెప్పేది ఒక్కటే: ఇళ్ళు కట్టడం సగం పనే. ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్న జాబితా అందరూ చదివేలా గోడకు అంటించడం మిగతా సగం. సహకార చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, లెక్కల ఆడిట్ జరగాలి. ఆ సమావేశాలకు ఎంతమంది ఇల్లాళ్ళం వెళ్తున్నాం?

ఇక కృష్ణానగర్ సంగతి. నటి కావాలనో, డబ్బింగ్ చెప్పాలనో ఊరు వదిలి వచ్చిన ఆడపిల్లలు అక్కడ ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. రాత్రి కాల్‌షీటు అయ్యాక చేరుకోవాలి కదా, అందుకే దూరం పోలేరు. వీళ్ళకు కావలసింది సొంతిల్లు కాదు, భయం లేని అద్దె గది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో, తక్కువ అద్దె ఇళ్ళకు ఒక విభాగం ప్రత్యేకంగా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం, ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంటుంది. కానీ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది నిలుస్తుంది. మన శాసనసభ్యులను అడగవలసిన మాటల్లో ఇదొకటి.

న్యూజెర్సీలో ఒక అమ్మ

మీలో చాలామందికి అక్కో చెల్లెలో న్యూజెర్సీలో ఉండే ఉంటుంది. ఎడిసన్ వీధుల్లో తెలుగు వినపడని రోజుండదు. ఆ రాష్ట్రంలోనే మౌంట్ లారెల్ అని ఒక ఊరుంది. అక్కడ తరతరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబంలోని తల్లి ఈథెల్ లారెన్స్. ఊళ్ళో ధరలు పెరిగి, తన సొంత కూతురే అక్కడ కాపురం పెట్టలేని పరిస్థితి వచ్చింది. తక్కువ అద్దెకు 36 ఇళ్ళు కట్టుకుంటామని ఆమె తోటివాళ్ళతో కలిసి అడిగితే ఊరి పాలకులు ఒప్పుకోలేదు. 1971లో కోర్టుకెక్కారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: పెరుగుతున్న ఏ ఊరైనా తన వంతు పేదల ఇళ్ళకు చోటివ్వాల్సిందే, నిబంధనల పేరుతో గేటు వేసుకోకూడదు.

తీర్పు వచ్చినా ఊళ్ళు సాకులు వెతుక్కుంటూనే ఉన్నాయి. ఆమె పేరు పెట్టిన ఇళ్ళలోకి మొదటి కుటుంబాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. అది చూడటానికి ఆమె లేదు, 1994లోనే కన్నుమూసింది. చివరికి 2024 మార్చిలో అక్కడ కొత్త చట్టం చేశారు. ప్రతి ఊరికీ నీ వంతు ఇన్ని ఇళ్ళు అని రాష్ట్ర ప్రభుత్వ శాఖ లెక్క కడుతుంది. 2025 జూన్ నెలాఖరుకల్లా ఊళ్ళు తమ ప్రణాళికలు ఇచ్చుకోవాలని గడువు కూడా పెట్టారు.

నాకు అందులో నచ్చింది ఆ 'వంతు' అన్న మాట. మన దగ్గర కూడా పెద్ద వెంచర్లలో కొంత భాగం పేదలకు ఉంచాలనే ఆలోచన కొత్తదేమీ కాదు. కానీ దాని బదులు షెల్టర్ ఫీజు కట్టి తప్పుకునే దారీ వచ్చింది. రుసుము ఖజానాకు చేరుతుంది, పేదిల్లు ఊరి చివరికి చేరుతుంది. జూబ్లీహిల్స్ డివిజన్ వంతు ఎన్ని ఇళ్ళు, బంజారాహిల్స్ వంతు ఎన్ని, అవి ఎక్కడ కట్టారు అని చెప్పే లెక్క చట్టంలోనే ఉండాలి. ఈ కాలనీలో పనిచేసేవాళ్ళ ఇల్లు ఈ కాలనీ లెక్కలోనే రావాలి. నా మనసులో మాట ఇదే.

మనం చేయగలిగింది

చట్టం చేసేది సభలోనే అయినా, అడగాల్సింది మన వీధిలోంచే. 2020లో జీహెచ్ఎంసీ చట్టాన్ని సవరించి సగం సీట్లు మహిళలకు కేటాయించారు. వార్డు స్థాయిలో నాలుగు కమిటీలు ఉండాలన్నారు. అందులో ఒకటి అచ్చంగా మహిళలది. ఇందిరమ్మ కమిటీల్లోనూ మహిళా సంఘాల సభ్యులకు చోటుంది. ఆ కుర్చీల్లో పేరుకు కూర్చోకుండా, మన డివిజన్‌లో ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి ఇచ్చారు, మిగతావాళ్ళకు ఎందుకు రాలేదు అని అడిగే ఆడవాళ్ళు కావాలి. అడిగితే చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, తెల్లకాగితం మీద రాసి పది రూపాయల ఫీజు కడితే చాలు. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో ఓటేసినవాళ్ళు సగానికి తక్కువ. ఓటే వేయకపోతే జవాబు ఎవరిని అడుగుతాం చెప్పండి?

ఇక మన గుమ్మంలోని పని. వచ్చే అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో లిఫ్టు గురించి, కార్ల గురించి మాట్లాడాక, వాచ్‌మన్ గదికి కిటికీ, విడిగా బాత్రూం గురించి కూడా ఒక మాట ఎత్తండి. మా దగ్గర నేను ఎత్తాను. ఖర్చెందుకన్నవాళ్ళు ఉన్నారు, ఔనన్నవాళ్ళూ ఉన్నారు. కిటికీ పడింది. వాచ్‌మన్ భార్య దాని చువ్వకు తులసి కొమ్మ నాటిన డబ్బా వేలాడదీసింది.

మా పనామె దగ్గర పాత కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు అన్నీ వేరువేరు కవర్లలో ఉన్నాయి. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని వరసగా పెట్టి, కాపీలు తీయించి, ఇంటి కాగితం కోసం దరఖాస్తు రాశాం. ఇంకా జవాబు రాలేదు. నెలకోసారి ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుతున్నాం.

మీరు కూడా రేపు పొద్దున టీ గ్లాసు అందిస్తూ ఒక్క మాట అడగండి: ఎక్కడుంటున్నావమ్మా, కిరాయి ఎంత, ఇంటి కాగితం ఉందా? ఆమె చెప్పింది నాకు ఉత్తరం రాయండి. వచ్చే నెల ముచ్చట అక్కడినుంచే మొదలుపెడదాం.

మీ అక్క