టెండరు వెయ్యక ముందు

బిలాస్‌పూర్‌లో రైల్వేని నమ్ముకుని బతికిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా పెద్దలు రైల్వేలో పనిచేశారు. నేను ఆ ఊళ్లోనే సిర్గిట్టిలో చిన్న వర్క్‌షాపు పెట్టి అదే రైల్వేకి విడిభాగాలు సప్లై చేశాను. ఇప్పుడు ఈ వ్యాపారంలోకి దిగుతున్న పిల్లలకు నాకు తెలిసింది చెప్పిపోవాలని ఉంది.

1. ప్రశ్న సూటిగా ఉంటేనే జవాబు పనికొస్తుంది.

హైదరాబాదు యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల సంస్థ ఒకటుంది. 1962లో ఢిల్లీ నుంచి అక్కడికి వచ్చింది. అప్పట్లో సియెట్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ. 1970ల తొలినాళ్లలో అందులో సెండాక్ అనే సమాచార కేంద్రం మొదలైంది. అలాంటి చోటికి వెళ్లి "రబ్బరు వస్తువులకు గిరాకీ ఎలా ఉంది?" అంటే రిపోర్టుల కట్ట చేతిలో పెడతారు. "వ్యాగన్ బోగీలో వేసే ఎలాస్టోమెరిక్ ప్యాడ్‌కు ఏయే పరీక్షలు చెయ్యాలి, అవి చేసే ల్యాబు మాకు దగ్గర్లో ఎక్కడుంది?" అని అడిగితే అక్కడివాళ్లు లేచి వెతుకుతారు. వాళ్ల చదువు, అనుభవం అప్పుడే మనకు అక్కరకొస్తాయి.

2. తేదీ చూడకుండా ఏ కాగితాన్నీ నమ్మకండి.

రైల్వే డ్రాయింగుల మీద ఒక మూల ఆల్టరేషన్ నంబరు ఉంటుంది. కొలత మారినప్పుడల్లా అదీ మారుతుంది. పాత సప్లయరు దగ్గర మేం తెచ్చుకున్న జిరాక్సులో ఆ మూలంతా నల్లగా అలుక్కుపోయింది. ఆ కాగితం పెట్టుకునే బుష్‌లు తయారుచేశాం. తనిఖీ రోజున గేజి లోపలికి దిగలేదు. ఒకటి కాదు, ఏది తీసినా అంతే. లాటంతా రిజెక్టు. లేత్ మీద పనిచేసిన మేస్త్రి బుష్‌ను చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. కాగితంలో ఉన్న కొలత అతను చక్కగానే దించాడు. రైల్వే డిజైన్లకు, స్పెసిఫికేషన్లకు లక్నోలో ఆర్డీఎస్ఓ ఉంది, 1957 నుంచీ. సరుకు కొనకముందే తాజా డ్రాయింగు తెప్పించుకోవాల్సింది. ఆ మేస్త్రి శ్రమ తుక్కు ధరకు అమ్ముడుపోవడం ఇప్పటికీ నాకు బాధే.

3. టెండరులో సంఖ్య చూసి మురిసిపోకండి.

వేలల్లో కావాలని రాసి ఉంటుంది. అదే టెండరులో, ఆమోదం పొందిన వెండర్లకే పెద్ద ఆర్డరు అనీ, కొత్తవాళ్లకు డెవలప్‌మెంటల్ ఆర్డరు కింద కొద్దిగా ఇస్తామనీ ఇంకోచోట ఉంటుంది. అది చదవకుండా బ్యాంకు అప్పుతో మిషన్లు కొన్న కుర్రాళ్లను చూశాను. ముందు వెండర్ల జాబితా చూడాలి. తర్వాత ఆ వస్తువును రైల్వే ఎప్పుడెప్పుడు, ఎవరి దగ్గర, ఏ రేటుకు కొన్నదో చూడాలి. ఒకప్పుడు టెండర్ల కబురు కోసం కలకత్తా నుంచి వచ్చే ఇండియన్ ట్రేడ్ జర్నల్ వెతికేవాళ్లం. ఇప్పుడు రైల్వే టెండర్ల వెబ్‌సైటు ఐరెప్స్‌లో పాత కొనుగోలు ఆర్డర్లు సైతం ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

4. సబ్సిడీ ఒక్కటే అడిగి వెనక్కి రాకండి.

జిల్లా పరిశ్రమల కేంద్రాలు 1978లో మొదలయ్యాయి. అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది సబ్సిడీ దరఖాస్తు ఫారం తీసుకుని వచ్చేస్తారు. అడిగి తెలుసుకోవాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. మన రైల్వే లైను మీదే ఉన్న నాగపూర్‌లో 1980 నుంచి పేటెంట్ సమాచార కేంద్రం ఉంది. పేటెంటుకు గడువు ఇరవై ఏళ్లు. అది తీరాక ఆ పద్ధతిని ఎవరైనా వాడుకోవచ్చు. ఆ సంగతి తెలియక, ఎవరో ఎప్పుడో కనిపెట్టినదాన్నే మళ్లీ కనిపెట్టడానికి డబ్బు తగలేసుకున్నవాళ్లున్నారు. 1985లో ఏర్పడిన బొగ్గు కంపెనీ ఎస్ఈసీఎల్ ప్రధాన కార్యాలయం కూడా మన ఊళ్లోనే ఉంది. రైల్వే ఆర్డరు లేక లేత్‌లు ఆగిపోయిన నెలల్లో, గనుల స్టోర్స్‌వాళ్లు కొనేవాటిలో మన మిషన్ల మీద చేయగలిగినవి ఏమున్నాయో కనుక్కున్నవాళ్లు మా తరంలో చాలా తక్కువ.