గాజుతొట్టిలో సముద్రం

హైదరాబాదు-కర్నూలు రహదారి మీది కొత్తకోటకు సముద్రం చాలా దూరం. అయినా ఇంట్లో గాజుతొట్టిలో చిన్న సముద్రాన్ని తయారు చేయవచ్చు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వంట ఉప్పు ఒక్కటే చాలదు. మెగ్నీషియం, కాల్షియం లవణాలు కూడా కావాలి.

నీరు తేటగా ఉంది కదా, వెంటనే చేపలను వదలవచ్చా? వదిలితే అవి చనిపోవచ్చు. ఎందుకు? చేపల విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది విషం. కొన్ని బాక్టీరియాలు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే! మరికొన్ని నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాలను వేరుచేసి చూపాడు.

ఇవి రాళ్లమీద, ఇసుకలో తగినంత పెరగడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. వీటికి ప్రాణవాయువు కావాలి. అందుకే నీటిలోకి గాలి పంపుతూ ఉండాలి. ఈలోగా రాళ్లపై మొదట గోధుమరంగు పొర, తర్వాత పచ్చని నాచు కనిపించవచ్చు.

సముద్రం నుండి పగడాలను తీయడం మన దేశంలో నేరం. కనుక మీరు మంచినీటి తొట్టితోనే మొదలుపెట్టండి. అక్కడా జరిగేది ఇదే. చేపలు లేకుండా చిటికెడు మేత వేసి, రోజూ చూసిన మార్పులను నోటుపుస్తకంలో రాయండి. తొట్టి సిద్ధమయ్యాకే చేపలను పిలవండి!