జాతి: జన్యువుల్లో ఉందా, సమాజంలో ఉందా?

మనుషుల్ని రంగును, ఖండాన్ని బట్టి జాతులుగా విడగొట్టడానికి 18వ శతాబ్దంలో ప్రకృతి శాస్త్రవేత్తలు లిన్నేయస్, బ్లూమెన్‌బాక్ శాస్త్రరూపం ఇచ్చారు. 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్క దాన్ని కుదిపేసింది: మానవ జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యే ఉంది, 'జాతుల' మధ్య తేడా సుమారు 6 శాతమే.

జబ్బుల్ని జాతికి ముడిపెట్టడమూ ఇలాంటిదే: సికిల్ సెల్ అనే రక్తవ్యాధిని నల్లవారి జబ్బు అనుకోవడం పాత పొరపాటు. ఈ వ్యాధికి కారణమైన జన్యువు ఒక్క ప్రతి ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అందుకే మలేరియా ప్రబలిన చోట్ల అది నిలదొక్కుకుంది: ఆఫ్రికాలో, గ్రీసులో, అరేబియాలో, మన ఏజెన్సీ గిరిజనుల్లోనూ. చర్మం రంగుతో దానికి పనిలేదు.

జన్యువుల్లో జాతికి పెద్దగా ఆధారం లేకున్నా, సమాజంలో జాతి వివక్ష మాత్రం కల్పన కాదు. మతం, కులం, లింగం, జన్మస్థలాలతో పాటు జాతి ఆధారంగానూ రాజ్యం వివక్ష చూపడాన్ని రాజ్యాంగంలోని 15(1) అధికరణ నిషేధించింది.