పసుపు, సబ్బునీళ్ళు, ఒక గ్రీటింగ్ కార్డు

పండుగలకు శుభాకాంక్షల కార్డులు పంపుకోవడం మనకు పడమటి దేశాల నుంచి వచ్చిన అలవాటు. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఆయన హార్స్‌లీ అనే చిత్రకారునిచేత క్రిస్మస్ కార్డు గీయించి, అచ్చువేయించి, ఒక్కొక్కటి షిల్లింగు చొప్పున అమ్మించాడు. అయితే నాకు ఎక్కువగా నచ్చినది 1949లో వచ్చిన యునిసెఫ్ తొలి కార్డు. యుద్ధానంతరం తమకు అందిన సహాయానికి కృతజ్ఞతగా చెకోస్లోవేకియాలో యిట్కా సామ్కోవా అనే ఏడేళ్ళ పాప వేసిన బొమ్మ అది. పిల్లలు కార్డు అందుకునేవాళ్ళే కాదు, చేసి ఇవ్వగలవాళ్ళు కూడా.

అది చేయించడం ఎలాగో తెలియడానికి నేనొక తప్పు చేయవలసి వచ్చింది.

మాది పెదనందిపాడు వైపు పల్లె. పత్తి, మిరప మా పంటలు. నేను బ్రాడీపేటలో గది తీసుకుని బి.యస్సీ. చదువుతున్నాను. క్రిందటి సంక్రాంతికి ముందు, మూడో తరగతి చదివే మా చెల్లి "అన్నయ్యా, నాన్నకు కార్డు చేస్తా, రంగులెట్లా?" అని ఫోనులో అడిగింది. ఇంట్లో కారం ఉండగా రంగులు కొనడమెందుకని, కారం నీళ్ళలో కలిపి వెయ్యమన్నాను. అలాగే చేసి, అదే చేత్తో కళ్ళు నులుముకుంది. సాయంత్రమంతా ఏడుపే. "సైన్సు చదివేవాడివి, ఆ మాత్రం తెలీదంట్రా?" అన్నాడు నాన్న.

ఆ మాటకు జవాబు వెతుక్కున్నాను. మిరప ఎరుపుకు ముఖ్యకారణం క్యాప్సాంథిన్. అది నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. ఆవకాయ మీద తేలే నూనె ఎర్రగా ఉండేది అందుకే. చెల్లి కాగితానికి రంగు పట్టలేదు. క్యాప్సైసిన్ మంట మాత్రం మిగిలింది.

పసుపు సంగతి వేరు. దానిలోని కుర్కుమిన్ కాగితానికి చక్కగా అంటుకుంటుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేయడంలోని రహస్యం ఇదే. ఏడో తరగతిలో చదివాను, మార్కులొచ్చాక మరిచాను!

చేసే పద్ధతి ఇది. నునుపులేని తెల్లకాగితాన్ని మధ్యకు మడవాలి. చెంచా పసుపును నీళ్ళతో పల్చగా కలిపి, దూదితో పూసి, నీడన ఆరబెట్టాలి. బట్టలసబ్బు ముక్కను కాసిని నీళ్ళలో నానబెట్టి, చీపురుపుల్లకు దూది చుట్టి ఆ నీటితో బొమ్మ వేయాలి. గీత గీతకూ ఎరుపు పుడుతుంది. తప్పు పోతే నిమ్మరసం చుక్క అద్దితే మళ్ళీ పసుపే! పిల్లలకు సున్నం ఇవ్వరాదు, కళ్ళకు ప్రమాదం. సబ్బునీళ్ళు కూడా కంట పడకుండా చూసి, పని కాగానే చేతులు కడిగించాలి.

ఈసారి ముందు గదిలో నేనే చేసి చూసుకుని, పండక్కి ఊరెళ్ళాను. చెల్లి దగ్గరకు రాలేదు. "కళ్ళు మండవుగా?" అంది. నా చేతులు పసుపులో ముంచి చూపించాక కూర్చుంది. వంకరటింకరగా పత్తికాయ వేసి, కింద "నాన్నకు" అని రాసింది.

పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. ఆ మాట చెబుదామనుకునే లోపే నాన్న దాన్ని పత్తి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాడు. ఇక చెప్పలేదు.

మిత్రులారా! సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు మీ తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో ఒక పూట కూర్చుని ఇది చేయించండి. అయితే నాలాగా ఫోనులో పాఠం చెప్పకండి. ముందు మీరు చేసి చూడండి. సైన్సు మనకు నేర్పే మొదటి పాఠం అదే కదా!