ధరల గ్రాఫుకు ఇంగ్లీషు మాటలు

పై చదువులకు విదేశాలు వెళ్లదలచిన విద్యార్థులు రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అకడమిక్ పరీక్షలో రాతకు రెండు ప్రశ్నలుంటాయి. మొదటిదానిలో తరచు ఒక గ్రాఫు ఇచ్చి, అందులో కనిపించేది కనీసం 150 మాటలలో రాయమంటారు. దానికి 20 నిమిషాల వ్యవధి. ధరల హెచ్చుతగ్గులు వింటూ పెరిగిన వర్తకుల పిల్లలు కూడ ఇక్కడ మార్కులు పోగొట్టుకోవడం కద్దు. న్యూయార్క్, లండన్ రిపోర్టులు ఇంగ్లీషులో చదివే బ్రోకర్లకు సైతం ఈ మాటలే కావాలి. అక్కడ ఒక్క మాట తప్పు చదివితే మార్జినుకే ఎసరు.

అన్నిటికంటె ముఖ్యమైనవి రెండు చిన్న మాటలు: ‘బై’, ‘టు’. తెలుగులో ఈ భేదం ఒక్క ‘కు’తో తేలిపోతుంది. ‘ధర 500 తగ్గింది’ అంటే తగ్గిన మొత్తం 500. ‘ధర 500కు తగ్గింది’ అంటే ఇప్పుడున్న ధర 500. మొదటిది ఇంగ్లీషులో ‘ఫెల్ బై’, రెండవది ‘ఫెల్ టు’. యార్డులో ఎవరూ తడబడని ఈ విషయంలో ఇంగ్లీషు కాగితం ముందు చాలామంది తడబడతారు.

2020 ఏప్రిల్ 20న న్యూయార్క్‌లో ముడిచమురు మే కాంట్రాక్టును ఉదాహరణగా తీసుకుందాం. అంతకు ముందు ముగింపు ధర పీపా 18.27 డాలర్లు. ఆనాటి ముగింపు సున్నాకు దిగువన 37.63 డాలర్లు. అంటే ధర ‘ఫెల్ బై’ 55.90 డాలర్లు, ‘ఫెల్ టు’ మైనస్ 37.63 డాలర్లు. 37.63 డాలర్లే తగ్గిందని చదువుకొన్నవారికి పీపా ఒక్కింటికి 18.27 డాలర్లు లెక్క తప్పుతుంది. మన ఎం.సి.ఎక్స్.లో ఆ ఏప్రిల్ కాంట్రాక్టు మైనస్ 2,884 రూపాయల వద్ద సెటిల్ అయింది. లాటు 100 పీపాలు. కొని నిలబెట్టుకొన్నవాడు పెట్టిన ధర మొత్తం పోగొట్టుకోవడమే గాక, లాటుకు 2,88,400 రూపాయలు ఎదురు చెల్లించవలసివచ్చింది.

తరువాతి చిక్కు ‘స్టెడీ’ అన్న మాటతో. మార్కెట్ భాషలో స్టెడీ అంటే నిలకడ. పరీక్షలో కూడ ‘రిమెయిన్డ్ స్టెడీ’ అంటే ధర కదలలేదనే అర్థం. కాని ‘రోజ్ స్టెడిలీ’ అంటే ఆగకుండా, ఇంచుమించు ఒకే జోరుతో పెరిగిందని. రెంటినీ నిలకడ అనుకొంటే గీత తలకిందులవుతుంది. ‘ఫర్మ్’ అన్నది బజారు మాట. ధర బిగువుగా ఉంది, హెచ్చే మొగ్గు ఉంది అనే అంచనా అందులో ఇమిడి ఉంటుంది. గ్రాఫు అంచనా చెప్పదు కనుక పరీక్షలో ఆ మాట వాడకపోవడమే మేలు.

కొద్దిగా హెచ్చితే ‘ఎడ్జ్డ్ అప్’, ఎగబాకితే ‘సోర్డ్’, కుప్పకూలితే ‘ప్లంజ్డ్’, ఊగిసలాడితే ‘ఫ్లక్చుయేటెడ్’. పెరిగి పెరిగి ఒకచోట సమంగా సాగితే ‘లెవెల్డ్ ఆఫ్’. ‘రికవర్డ్’ అనాలంటే ముందు ధర పడి ఉండాలి. ఎన్నడూ పడని ధర కోలుకోవడమేమిటి? కోచింగ్ నోట్సు బట్టీపట్టి 2 శాతం హెచ్చుకు ‘స్కైరాకెటెడ్’ అని రాసేవారున్నారు. పది రూపాయలు పెరిగితే ధరలు భగ్గుమన్నాయని రాయడం పత్రికలవారికీ కొత్త కాదులెండి.

మన వాడుకను అలాగే దించడం వల్ల వచ్చే తప్పులు మరి రెండు. ‘ప్రైస్ బికేమ్ కాస్ట్‌లీ’ అనరాదు. సరుకు కాస్ట్‌లీ అవుతుంది, ధర హై అవుతుంది. ‘గ్రాఫ్ ఇంక్రీజ్డ్’ అని కూడ రాయరాదు. పెరిగింది ధర గాని గ్రాఫు కాదు.

శాతాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే మొదట్లో 4 శాతం. 2023 ఫిబ్రవరిలో 6.50 శాతం. పెరిగినది 2.50 ‘పర్సెంటేజ్ పాయింట్లు’. 2.50 ‘పర్సెంట్’ అంటే తప్పు, ఎందుకంటే 4 మీద 2.50 హెచ్చు 62.5 శాతమవుతుంది. సి.సి. ఖాతా మీద వడ్డీ కట్టేవారికి ఈ భేదం వేరే చెప్పనక్కరలేదు.

1786లో విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండ్ ఎగుమతి దిగుమతులను గీతలుగా అచ్చువేసిన నాటినుంచి గ్రాఫు వర్తకానికి దగ్గరి చుట్టం. అయినా మన అలవాటు ఒకటి పరీక్షలో పనికిరాదు. ధర హెచ్చిందనగానే ‘రాబడులు తగ్గినందున’, ‘ఎగుమతి గిరాకీ వల్ల’ అని కారణం తగిలిస్తాం. పరీక్షలో గీత చూపని కారణం రాయరాదు, రేపటి ధర చెప్పరాదు. అంకెలన్నీ వరుసగా అప్పగించినా చాలదు. మొత్తం మీద గీత ఎటు నడిచిందో ‘ఓవరాల్’ అంటూ ఒకటి రెండు వాక్యాలు తప్పక ఉండాలి. అది లేని జవాబుకు మార్కులు తగ్గుతాయి.

ఇంట్లో అభ్యాసానికి బంగారం గీత చాలు. లండన్‌లో ఔన్సు ధర 1980 జనవరి 21న 850 డాలర్లు, 1999 జులైలో 252.80 డాలర్లు, 2011 సెప్టెంబరులో 1,895 డాలర్లు. 1980కి ‘పీక్డ్ ఎట్’ అని రాయవచ్చు. ‘ఆల్‌టైమ్ హై’ అని మాత్రం రాయరాదు, ఆ ధరను 2008 జనవరిలోనే దాటింది. 1999 వద్ద ‘బాటమ్డ్ అవుట్’ సరిపోతుంది. మొదటి రెండు అంకెల మధ్య ‘బై’ తరువాత రావలసినది 597.20, ‘టు’ తరువాత రావలసినది 252.80. 1999 నుంచి 2011 వరకు రెండు అంకెలను ఇంట్లో పిల్లలచేత చెప్పించండి.