మాట మరుగుపడు వ్యాధి

వయసు మీరినకొలది మనుష్యుల పేర్లు చప్పున స్ఫురింపకుండుట సహజము. కొంతసేపటికి అవి తమంత తామే జ్ఞప్తికి వచ్చును. కాని మెదడులోని కణములు క్రమముగా నశించు వ్యాధులలో నట్లు గాదు. పోయిన మాట నానాటికి దూరమగును. ఇంటివారు దీనిని చాదస్తమనియో, మొండితనమనియో తలచి విసుగుకొందురు. చెప్పవలసినది మనసులో నుండియు నోటికి రాని ఆ వృద్ధుని బాధ వారికి బోధపడదు.

1901వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలకు 51 ఏండ్ల స్త్రీ నొకతెను గొనివచ్చిరి. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆల్జైమరు. ఆమెకు కప్పు అను మాట దొరకక, దానిని 'పాలు పోయునది' యనెడిది. పేరు వ్రాయుమనగా మొదటి మాట వ్రాసి తక్కినది మరచెడిది. 1906లో ఆయన యీ రోగమును వైద్యుల సభలో వివరించెను. నేడది ఆయన పేరనే పిలువబడుచున్నది.

ఆ స్త్రీ పలుకు విన్నవారికి నవ్వు వచ్చునేమో! కాని యోచించినచో నందొక తర్కము గలదు. వస్తువు పేరు పోయినది. అది చేయు పని మాత్రము మిగిలినది. మన యింటి తాతగారు తాళపుచెవిని 'తలుపు తీసెడిది' యన్నచో నదియు నిట్టిదే. మరియొక వ్యాధిలో అర్థమే చెడును. మేక, గొఱ్ఱె, దూడ యను భేదము నశించి, అన్నియు వట్టి 'పశువు' లగును. కొందరికి అర్థము తెలిసియే యుండును గాని వాక్యము కూర్చుట చేతగాదు.

ఈ విషయమున మన ప్రాంతపు విశేష మొకటి కలదు. వరంగల్లు చెంతనున్న హసన్‌పర్తి వంటి యూళ్లలో, 1948కి పూర్వము నైజాము పాలనలో, ఇంట తెలుగు, కచేరిలో ఉర్దూ నడిచెడిది. హైదరాబాదు నగరమున నేటికిని చదువురానివారు సైతము రెండు భాషలు మాటలాడుదురు. అచ్చటి నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, సహచరులతో గూడి, 648 మంది మతిమరుపు రోగుల వివరములు పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకే భాష యెరిగినవారికంటె రెండు భాషలు మాటలాడువారికి రోగము సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడసూపినది. ఇది చదువు మహిమ యని శంకింపవచ్చును. కాని నిరక్షరాస్యులలోను ఆ భేదము కనబడెను. అందు ఆరేండ్ల వ్యత్యాసము గలదు. మూడవ భాష వలన అదనపు లాభము కానరాలేదు.

ఒక భాష పలుకునపుడు రెండవదానిని అదుపులో నుంచుట మెదడునకు నిత్యసాధన యగునని శాస్త్రజ్ఞుల యూహ. ఇతర దేశముల పరిశోధనలు కొన్నింట ఈ ఫలితము కనబడలేదు. రెండు భాషలు వచ్చినవానికి రోగము రాదని యెవ్వరును చెప్పలేదు. ఆలస్యమైన ఆ నాలుగేండ్లు అతడు మనుమలను పేరుపెట్టి పిలుచుచుండును.